పీడీపీ-11కు టెర్మినల్, ప్రింటర్ కలిపే పద్ధతి

మాది నల్లగొండ, ప్రకాశం బజార్ దగ్గర. ఎండాకాలంలో ఇక్కడి కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ముందే చెప్తున్నా: మెషిన్ (డెక్ కంపెనీ పాత మినీకంప్యూటర్ పీడీపీ-11), టెర్మినల్ (దానికి తగిలించే కీబోర్డు, తెర), ప్రింటర్ మూడూ ఒకే ఎర్తింగ్ మీద ఉండాలి. లేకపోతే సీరియల్ చిప్పులు పోతాయి, ఇప్పుడవి దొరకడం కష్టం.

నాది పీడీపీ-11/23 మోడల్, అందులో డీఎల్‌వీ11-జే కార్డు. నాలుగు సీరియల్ లైన్లు. ఛానల్ 3 కన్సోల్, అంటే మెషిన్‌ను నడిపే టెర్మినల్‌కు: అడ్రస్ 177560, వెక్టర్ (ఇంటరప్ట్ వస్తే మెషిన్ చూసే చోటు) 60. ప్రింటర్‌కు ఛానల్ 0: 176500, వెక్టర్ 300. ఈ అడ్రస్‌లు, వెక్టర్లు అన్నీ ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలే. బాడ్ రేటు (లైను వేగం) కార్డు మీది జంపర్లతోనే (చిన్న తీగ ముక్కలతో) పెట్టాలి.

వీటీ220 టెర్మినల్‌లో ఎఫ్3 నొక్కి 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేకుండా పెట్టండి. మెషిన్ హాల్ట్ చేస్తే @ కనబడాలి. పిచ్చి అక్షరాలొస్తే బాడ్ రేటు తేడా. ఏమీ రాకపోతే కేబుల్‌లో 2, 3 పిన్లు తారుమారు చేసి చూడండి, 7ని (గ్రౌండ్) కదపొద్దు.

అసలు పేచీ ప్రింటర్‌తోనే. 1200 బాడ్ అంటే సెకనుకు సుమారు 120 అక్షరాలు. బఫర్ నిండితే ప్రింటర్ ఆగమనాలి. ఈ కార్డుకు మోడెం కంట్రోల్ (ఆగమని చెప్పే విడి తీగలు) లేదు, కాబట్టి ప్రింటర్‌లో ఎక్సాన్-ఎక్సాఫ్ (ఆగు, పంపు అని డేటా లైన్లోనే చెప్పే అక్షరాలు) ఆన్ చేయాల్సిందే. లేదంటే మధ్యలో లైన్లకు లైన్లు మాయం!

ఆర్‌టీ-11 (ఈ మెషిన్ ఆపరేటింగ్ సిస్టమ్)లో ఈ కమాండ్లు వరసగా ఇవ్వండి; ఎల్ఎస్ అంటే సీరియల్ ప్రింటర్ డ్రైవర్, ఎల్‌పీ అంటే మామూలు ప్రింటర్ పేరు:

సెట్ ఎల్ఎస్ సీఎస్ఆర్=176500
సెట్ ఎల్ఎస్ వెక్టర్=300
ఇన్‌స్టాల్ ఎల్ఎస్
లోడ్ ఎల్ఎస్
అసైన్ ఎల్ఎస్ ఎల్‌పీ

పాత డ్రైవర్ అప్పటికే ఎక్కి ఉంటే ముందు అన్‌లోడ్, రిమూవ్ చేయండి. చివరి కమాండ్ ఇస్తే మామూలు ప్రింట్ కమాండ్ కూడా ఈ ప్రింటర్‌కే పోతుంది.