డీవీడీ డ్రైవ్ మొరాయిస్తోందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

కడప వైపు ఇళ్లలో పాత సీపీయూ ఇంకా మూలన ఉందంటే చాలాసార్లు కారణం పెళ్లి డీవీడీలే. తీరా పెడితే ఆడవు. వెంటనే "డ్రైవ్ పోయింది" అనేస్తారు. ముందు షాపులో కొన్న డీవీడీ ఒకటి, పాటల సీడీ ఒకటి పెట్టి చూడండి. రెండూ ఆడితే తప్పు చాలావరకు మీ డిస్కుదే.

"గిర్రుమంటాది గానీ ఏమీ రాదు"

ఎక్కువగా వినిపించేది ఇదే. సీడీ చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీది 650. అందుకే ఒకటి నీరసించినా రెండో రకం డిస్కులు మామూలుగా ఆడతాయి. అలా ఒక రకమే ఆడకపోతే, లెన్స్ తుడిచాక కూడా మార్పు లేకపోతే, డ్రైవ్ మార్చాల్సిందే. రెండూ ఆడకపోతే ముందుగా అనుమానించాల్సింది దుమ్మునే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల లాంటి బండల పాలిష్ ఊళ్లలో దీని గురించి వేరే చెప్పాలా!

ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో ట్రే లాగితే లెన్స్ కనిపిస్తుంది. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి, నొక్కకుండా తుడిచి, ఆరనివ్వండి. డెస్క్‌టాప్ డ్రైవ్ అయితే స్క్రూలు విప్పాలి. విప్పి ఉండగా కరెంటు ఇవ్వకండి, లేజర్ కళ్లకు ప్రమాదం. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

డిస్కును మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు ట్రాక్ వెంబడే పడి, డ్రైవ్ తప్పులు సరిదిద్దుకోలేదు. సీడీకి పేరు రాసే వైపు గీత పడితే మరీ ప్రమాదం, వెండి పొర ఉండేది దాని కిందే.

తిరుగుతోంది, ఫైళ్లు కనిపిస్తున్నాయి, సినిమా మాత్రం రావడం లేదంటే టెన్షన్ వద్దు. విండోస్ 10లో డీవీడీ సినిమా ఆడించే ప్లేయర్ లేదు. వీఎల్‌సీ వేసుకోండి, ఉచితమే.

"ట్రే బయటికే రాదు"

ఏదైనా ప్రోగ్రామ్ డిస్కును పట్టుకుని ఉండవచ్చు, రీస్టార్ట్ చేయండి. అయినా రాకపోతే కరెంటు తీసేసి, జెమ్ క్లిప్ సాగదీసి ముందున్న చిన్న రంధ్రంలో నెట్టండి. డెస్క్‌టాప్ డ్రైవ్‌లో క్లిప్‌కు వచ్చి, బటన్‌కు రాకపోతే లోపలి రబ్బరు బెల్టు వదులై ఉండవచ్చు. అదే అయితే బెల్టు మారిస్తే సరిపోతుంది.

"సిస్టంలో డ్రైవే లేదు"

బయోస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరిచే సెట్టింగుల తెర) చూడండి. అక్కడా లేకపోతే సాటా కేబుల్ (డేటా వెళ్లే వైరు), పవర్ కేబుల్ ఊడదీసి గట్టిగా పెట్టండి, లేదా కేబుల్ మార్చండి. బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే, డివైస్ మేనేజర్‌లో (విండోస్ పరికరాల జాబితా) దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. అక్కడ కోడ్ 19 లేదా 39 అని ఎర్రర్ చూపిస్తే, డిస్కులు రాసే పాత సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) వదిలిన చెత్త కావచ్చు. ఆ పని తెలిసినవాళ్లతో చేయించండి. యూఎస్‌బీ డ్రైవ్‌కు ముందువైపు పోర్టులో కరెంటు చాలకపోవచ్చు, వెనక పోర్టుకు మార్చండి.

డ్రైవ్ దారికొచ్చాక మొదటి పని పెళ్లి డిస్కును హార్డ్ డిస్కులోకి కాపీ చేయడం. మొత్తం ఫోల్డర్ ఒకేసారి లాగకండి. వీఓబీ ఫైళ్లు (డీవీడీలో వీడియో ఉండేవి) ఒక్కోటి దాదాపు 1 జీబీ వరకు ఉంటాయి, విడివిడిగా కాపీ చేయండి. ఆగిపోయిన ఫైలును వేరే కంప్యూటర్ డ్రైవ్‌లో ప్రయత్నించండి. రైటర్‌తో రాసిన డిస్కులు ఒక డ్రైవ్‌లో రాకపోయినా మరోదాంట్లో రావడం మామూలే.