ట్రెయిలర్ లాగడానికి పెద్ద పికప్పా, చిన్నదా? వేసవికి ముందే వేసుకోవలసిన లెక్క

మే చివర మెమోరియల్ డే సెలవులతో అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్లు, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, రోడ్డెక్కుతాయి. అంతకు ముందు నెలా రెండు నెలల్లో చాలామంది ముచ్చటపడి ట్రెయిలర్ కొనేస్తారు. దాన్ని లాగే ట్రక్కు సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. అప్పుడు షోరూములో వినిపించేది ఒక్కటే అంకె: ఈ బండి ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది. ఫోర్డ్ రేంజర్ లాంటి మధ్యతరహా ట్రక్కుకు కూడా, టోయింగ్ ప్యాకేజీ (ట్రెయిలర్ లాగడానికి కంపెనీ అమర్చే అదనపు సరంజామా) ఉంటే, 7,500 పౌండ్లని కంపెనీయే చెబుతుంది. మన ట్రెయిలర్ 6,000 పౌండ్లే కదా, ఇక భయమెందుకు అనిపిస్తుంది.

ఆ అంకె అబద్ధం కాదు. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ప్రకారం, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డును కొలమానంగా పెట్టుకుని, మండుటెండలో ఏసీ పూర్తిగా వేసి, వేగం మరీ పడిపోకుండా ఎక్కగలిగితేనే ఆ సామర్థ్యం రాసుకుంటారు. కానీ ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు లేరు, సైకిళ్లు లేవు, ఐసుతో నింపిన కూలర్ లేదు.

అసలు చూడవలసిన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అతికించి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని ఆ పసుపు, తెలుపు స్టిక్కరు చెబుతుంది. అదే పేలోడ్. ట్రెయిలర్ ముందు భాగం హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్‌ను తగిలించే అమరిక) మీద మోపే బరువు కూడా ఇందులోంచే పోతుంది. ట్రెయిలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. తక్కువైతే ట్రెయిలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది కాబట్టి, బరువంతా వెనక్కి సర్ది ఈ లెక్క తప్పించుకోవాలని చూడకండి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సామానుతో, నీళ్లతో ట్రెయిలర్ 6,000 పౌండ్లు. హిచ్ మీద 13 శాతం, అంటే 780. బరువును ముందు ఇరుసుకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 80. నలుగురు మనుషులు 600. ట్రక్కులో సామాను 200. మొత్తం 1,660 పౌండ్లు. మధ్యతరహా ట్రక్కు స్టిక్కరు మీద 1,200 ఉంటే అక్కడితో కథ ముగిసింది, ఇంజిను ఎంత బలమైనదైనా సరే. తమాషా ఏమిటంటే, 1,600 అని రాసి ఉన్న పెద్ద ట్రక్కు కూడా ఇక్కడ తప్పుతుంది. ఫోర్డ్ ఎఫ్-150 అయినా, రామ్ 1500 అయినా ఒకే మోడల్‌లో ఈ అంకె బండికీ బండికీ మారుతుంది. అద్దాల పైకప్పు, ఖరీదైన సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఒక్కొక్కటీ కొంత తినేస్తాయి. అందుకే బ్రోషరు పక్కన పెట్టి, కొనబోయే ఆ బండి తలుపు తెరిచి ఫోటో తీసుకోండి. ట్రెయిలర్ విషయంలో కూడా ఖాళీ బరువు చూసి మోసపోవద్దు. నీళ్లే గ్యాలనుకు 8 పౌండ్లకు పైగా ఉంటాయి.

ఇక గాలి. చదునైన ముఖంతో నిలబడే ట్రెయిలర్ హైవే వేగంలో బరువు కంటే గాలి వల్లే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో ట్రెయిలర్ ముందు వైశాల్యానికి కూడా పరిమితి ఉంటుంది. ఆ పేజీ చదివేవాళ్లు అరుదు. పక్క నుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు చక్రాల మధ్య దూరం ఎక్కువ ఉన్న, బరువైన ట్రక్కు నిలదొక్కుకుంటుంది, పొట్టి ట్రక్కును ట్రెయిలరే నడిపిస్తుంది. కొండ దిగేటప్పుడూ అంతే. పైకి లాగడం ఇంజిను పని, కిందికి దిగేటప్పుడు ఆపడం మన ప్రాణం పని. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించండి, బ్రేకు మీద కాలు అలాగే నొక్కి ఉంచకండి.

నా మటుకు నేను చెప్పేది ఇది. నిండిన ట్రెయిలర్ 3,500 పౌండ్లలోపు, మనుషులు ఇద్దరు ముగ్గురు అయితే టకోమా, రేంజర్, కొలరాడో లాంటి మధ్యతరహా ట్రక్కులు హాయిగా సరిపోతాయి. ఏడాదిలో మిగతా రోజులన్నీ పెద్ద బండి మోయడం దండగ. నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు 19 అడుగులు దాటుతుంది. పార్కింగ్ స్థలం దొరికిన ప్రతిసారీ ఆ సంగతి గుర్తొస్తుంది. 5,000 దాటితే పెద్దది తీసుకోండి. 7,000 దాటి, కుటుంబం కూడా పెద్దదైతే ఎఫ్-250, రామ్ 2500 తరగతి భారీ ట్రక్కులు చూడాలి. ఖాళీగా నడిపితే అవి గట్టిగా కుదుపుతాయి, అయినా తప్పదు.

ట్రక్కు ఏదైనా, ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రెయిలర్‌కు బ్రేక్ కంట్రోలర్ (డ్రైవరు దగ్గరుండి ట్రెయిలర్ బ్రేకులను నడిపించే పరికరం) లేకుండా కదలకండి. మొదటి ప్రయాణానికి ముందు అన్నీ నింపి, అందరినీ ఎక్కించి, ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ అనే వాహనాల తూకం మీద తూయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ బరువులు విడివిడిగా చీటీ మీద వస్తాయి. ట్రెయిలర్ టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. పైకి కొత్తగా కనిపించినా అంత పాతదైతే మార్చేయడమే మేలు. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే వాహనానికి గరిష్ఠ వేగం 55 మైళ్లే. మిగతా చోట్ల కూడా టైరు మీద రాసిన పరిమితి దాటవద్దు.

దారిలో ట్రెయిలర్ ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, కంట్రోలర్ మీదున్న మీటతో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేయండి. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చేతికి అందేలా ఖాళీ రోడ్డు మీద ముందే సాధన చేసుకోండి. చక్రాలు విప్పి బిగించి ఉంటే 50 నుంచి 100 మైళ్లు వెళ్లాక ఆగి, నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి.