కడియం నర్సరీ గూగుల్లో కనిపించాలంటే: ఎస్‌ఈఓ మొదటి పాఠాలు

కడియపులంకలో రోడ్డు పక్కన నర్సరీ ఉంటే దారిన పోయేవాళ్లే కారు ఆపి దిగుతారు. లోపల పుంత దారిలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో మొక్కల కోసం వెతికేవాళ్లకు రోడ్డు పక్కదైనా పుంతలోదైనా తేడా తెలియదు, పైన ఏది కనిపిస్తే దాన్నే నొక్కుతారు. డబ్బు కట్టి వేసే ప్రకటనలు వేరు. వాటితో పని లేకుండా మామూలు ఫలితాల్లో మన పేజీ పైకి వచ్చేలా సైటును సర్దుకోవడాన్నే ఎస్‌ఈఓ, అంటే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. కడియంలో ఒక చిన్న నర్సరీకి సైటు ఉందనుకుని చూద్దాం. ఆత్రేయపురం పూతరేకుల కొట్టుకైనా, దిండిలో హోమ్‌స్టేకైనా పద్ధతి ఇదే.

మొదటి పని: సైటు గూగుల్‌కు తెలుసో లేదో చూడండి

గూగుల్‌బాట్ అనే ప్రోగ్రామ్ లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి వెళ్తూ చదువుతుంది. ఇది క్రాలింగ్. చదివినదాన్ని గూగుల్ తన దగ్గర భద్రపరిస్తే ఇండెక్సింగ్. ఎవరైనా వెతికినప్పుడు ఏది ముందు, ఏది వెనక అని వరస కట్టడం ర్యాంకింగ్. ఇండెక్స్‌లోనే లేని పేజీకి ర్యాంకు ఎక్కడి నుంచి వస్తుంది?

గూగుల్లో ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా రాసి వెతకండి. మీ పేజీలు వస్తే సరే. ఒక్కటీ రాకపోతే ముందు సెట్టింగ్స్ చూడండి. సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును ఇండెక్స్ చేయొద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు పెట్టిన ఆ టిక్‌ను తర్వాత తీయడం మర్చిపోతుంటారు. అది తీసేశాక, ఫలితాల్లో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు మీదేనని నిరూపించుకుని, సైట్‌మ్యాప్ ఇవ్వండి. సైట్‌మ్యాప్ అంటే మీ పేజీల జాబితా ఉండే ఫైలు. సెర్చ్ కన్సోల్ ఉచితమే.

రెండో పని: కొనేవాళ్ల మాటలు పట్టుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. జనం వెతికే మాటలను కీవర్డ్‌లు అంటారు. నర్సరీవాళ్లు గూటీ అంటారు, కొనేవాళ్లు అంటు మొక్క అని వెతుకుతారు. పేజీలో రెండూ ఉండాలి. కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగును, కొందరు పూర్తిగా ఇంగ్లిష్‌లో వెతుకుతారు. గూగుల్ పెట్టెలో సగం మాట కొట్టి ఆగితే కింద వచ్చే సూచనలు చూడండి, జనం ఏం అడుగుతున్నారో తెలుస్తుంది. నన్నడిగితే అంతకంటే మంచి జాబితా మీ ఫోన్లోనే ఉంది. కాయ ఎన్నాళ్లకు వస్తుంది, విజయనగరం దాకా బండి పంపుతారా, కనీసం ఎన్ని మొక్కలు తీసుకోవాలి అని రోజూ అడిగే ప్రశ్నలన్నీ రాసి పెట్టుకోండి.

మాట వెనకున్న అవసరం కూడా గమనించాలి. దీన్నే సెర్చ్ ఇంటెంట్ అంటారు. ‘జామ మొక్క ధర’ అని వెతికేవాళ్లు కొనడానికి వచ్చారు. ‘జామ ఆకులు ఎందుకు పసుపవుతాయి’ అనేవాళ్లకు సలహా కావాలి. ఇద్దరికీ ఒకే పేజీ చూపిస్తే ఇద్దరూ వెళ్లిపోతారు.

అలాగని ఒకే మాటను పేజీ నిండా కుక్కొద్దు. అది కీవర్డ్ స్టఫింగ్, గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుంది. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల జాబితా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్ నింపమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

మూడో పని: ఒక్కో రకానికి ఒక్కో పేజీ

అన్ని మొక్కలనూ ఒకే పేజీలో పోయకండి. తైవాన్ జామకు పేజీ ఉంటే దాని టైటిల్ ‘తైవాన్ జామ అంటు మొక్కలు, కడియం నుంచి హోల్‌సేల్’ అన్నట్టుండాలి. ఫలితాల్లో నీలం రంగులో కనిపించేది సాధారణంగా ఈ టైటిలే. దాని కింద చిన్న వివరంగా, పేజీ గురించి మీరు రాసిపెట్టే మెటా డిస్క్రిప్షన్ రావచ్చు. అది ర్యాంకు పెంచదు గానీ నొక్కాలనిపిస్తుంది. లోపల మొక్క ఎత్తు, కవరు సైజు, ధర, రవాణా వివరాలు రాయండి. వాట్సాప్‌లో పంపే రేట్ల బొమ్మనే పేజీలో అతికించి వదిలేయొద్దు. రేట్లు పేజీలో టైప్ చేసి ఉండాలి.

ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ ఇవ్వండి, అంటే బొమ్మలో ఏముందో చెప్పే ఒక వాక్యం. ఫోన్లో తీసిన పెద్ద ఫొటోను కుదించి పెట్టండి. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలత. గూగుల్ ముందుగా చూసేది మొబైల్ రూపాన్నే, కాబట్టి మీరూ ఫోన్లోనే సరిచూసుకోండి.

సైటు బయట చేయాల్సినవి

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిచి పేరు, చిరునామా, ఫోన్ నంబరు సైటులో ఉన్నట్టే పెట్టండి. ‘దగ్గర్లో నర్సరీ’ అని వెతికేవాళ్లకు మ్యాప్‌లో కనిపించడానికి ఇదే దారి. కొన్నవాళ్లను రివ్యూ అడగొచ్చు. రివ్యూ రాస్తే గులాబీ మొక్క ఫ్రీ అనడం మాత్రం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

వేరే సైటు మీ పేజీకి ఇచ్చే లింకు బ్యాక్‌లింక్. మీ దగ్గర మొక్కలు కొన్న ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ తన సైటులో మీ పేరు పెడితే అది పనికొచ్చే లింకు. వందల లింకులు అమ్ముతామనేవాళ్ల జోలికి పోవద్దు. నెలలో మొదటి స్థానం గ్యారంటీ అనేవాళ్లకైతే అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

తర్వాత సెర్చ్ కన్సోల్ చూస్తుండండి. ఇంప్రెషన్లు అంటే ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించారో, క్లిక్‌లు అంటే ఎన్నిసార్లు నొక్కారో. పైవరసలోనే కనిపిస్తున్నా క్లిక్‌లు రాకపోతే టైటిల్ మార్చి చూడండి. మార్పు ఫలితం కొన్ని గంటల్లో తెలియొచ్చు, కొన్ని నెలలూ పట్టొచ్చు. అందుకే తొలకరికి అమ్మే మొక్కల పేజీలు సంక్రాంతి హడావిడి తగ్గగానే పెట్టేయడం మంచిది.