పాత సర్వర్ జోలికి వెళ్లే ముందు

పాత సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేయాలా వద్దా అన్నది దాని వయసును బట్టి తేల్చకండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్‌లు) ఇంకా వస్తున్నాయా, దాన్ని ఎవరెవరు చేరగలరు, ఈ రెండూ చూడండి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన సెంటాస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ సర్వర్ 2012కి 2023 అక్టోబర్ 10 తర్వాత ప్రత్యేకంగా పొడిగింపు తీసుకున్నవాళ్లకే ప్యాచ్‌లు. ఇలాంటివాటి మీద ఇంటర్నెట్‌కు తెరిచిన వెబ్‌సైట్ నడుస్తుంటే ఎంత శ్రమైనా మార్చాల్సిందే.

"మాది లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంది" అన్న ధీమా చాలదు. 2017 మేలో వనాక్రై అనే, ఫైళ్లను తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్‌లోకి దూరాక లోపలి నెట్‌వర్క్ గుండానే మిగతావాటికి పాకింది. ఎప్పుడైనా పాత రికార్డులు చూసుకోవడానికే ఉంచిన సర్వర్ అయితే దాన్ని వేరే వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడిగా కత్తిరించిన భాగంలో) పెట్టి, అవసరమైన పోర్ట్ (బయటివాళ్లు కనెక్ట్ అయ్యే ద్వారం) తప్ప అన్నీ మూసేయండి. ఎప్పుడు తీసేస్తారో తేదీ కూడా రాసుకోండి. అలాంటి సర్వర్‌కి అప్‌గ్రేడ్ దండగ అనే నా అభిప్రాయం.

మార్చాలని తేలితే మొదట బ్యాకప్. దాన్ని మరో మెషీన్‌లో రీస్టోర్ చేసి, అప్లికేషన్ లేచిందని కళ్లారా చూసేదాకా పాత సర్వర్‌ని పవర్ ఆఫ్ చేయకండి. ఏళ్లుగా ఆగకుండా తిరిగిన హార్డ్‌డిస్క్‌లు ఒకసారి ఆపి చల్లారాక మళ్లీ లేవకపోవచ్చు. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్క్‌లను కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అనుకోవద్దు. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయి, దాని బదులు పెట్టిన కొత్త డిస్క్‌లోకి డేటా రీబిల్డ్ అవుతుండగా, అదే వయసున్న రెండోది కూడా పోతే డేటా మొత్తం పోయినట్టే.

ఉన్న మెషీన్ మీదే అప్‌గ్రేడ్ చేయడం కన్నా పక్కన కొత్తది సిద్ధం చేసి, అప్లికేషన్‌ని దాని మీదకు తేవడం మేలు. అసలు శ్రమ ఉండేది అప్లికేషన్‌లోనే. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ 5 కాలపు కోడ్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పనిచేయడానికి వాడుకున్న పాత ఫంక్షన్లు పీహెచ్‌పీ 7లో లేనే లేవు. మైఎస్‌క్యూఎల్ 5.7ని 8.0కి మార్చాక అవే డేటా ఫైళ్లతో వెనక్కి రాలేరు. అందుకే కొత్త మెషీన్‌లో డేటా కాపీతో ట్రయల్ వేశాకే ఎన్ని రోజులు పడుతుందో పైవాళ్లకు చెప్పండి.

క్రాన్ జాబ్‌లు (నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే పనులు), ఫైర్‌వాల్ రూల్స్ (ఏ కనెక్షన్లను రానివ్వాలో చెప్పే నియమాలు), కోడ్‌లో నేరుగా రాసేసిన ఐపీ అడ్రస్‌లు ముందే వెతికి రాసుకోండి. డీఎన్ఎస్ టీటీఎల్‌ని (సైట్ పేరుకు ఏ ఐపీ అడ్రస్ అన్నది ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువును) మార్పుకు ఒకట్రెండు రోజుల ముందే తగ్గించండి. మారిన తర్వాత పాత సర్వర్‌ని నెట్‌వర్క్ నుంచి తీసేయండి గానీ, నెలాఖరు రిపోర్టులు కొత్తదానిలో సరిగ్గా వచ్చేదాకా దాని డిస్క్‌లు చెరపకండి.