సర్కారు స్థలానికి విలువ కట్టడం – 4వ పాఠం: లీజు ఏళ్ల లెక్క

పోయిన పాఠంలో ఊరి నడిమధ్య పాత బస్ డిపో స్థలాన్ని లీజుకు ఇవ్వడానికి విలువ కట్టమన్నాను. మీ జవాబులు చూశాక కూల్చివేత ఖర్చుల పాఠాన్ని వెనక్కి జరిపాను. ముందు ఇది సరిచేసుకుందాం.

కొందరు హైదరాబాద్ శివారు కోకాపేట ధర తెచ్చి పెట్టారు. 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిన మాట నిజమే. కానీ అది 3.60 ఎకరాల ప్లాటు ఒక్కటే. ఆ రోజు అమ్మిన 45.33 ఎకరాల సగటు 73 కోట్ల చిల్లర, అప్‌సెట్ ధర (వేలం మొదలయ్యే కనీస ధర) 35 కోట్లు. పైగా అది అమ్మకం, మనది లీజు. అప్పటి రికార్డు ధరను పోలికకు వాడకండి. నేనైతే సగటు కూడా చివర్లోనే చూస్తాను.

అసలు తప్పు వేరే ఉంది. "99 ఏళ్ల లీజు 10 కోట్లయితే 33 ఏళ్లకు మూడో వంతు, 3.33 కోట్లు" అని సగం మంది రాశారు. ఇలా రాసిన నోట్ మీద వేలం పెడితే సర్కారు సొమ్ము నిలువునా పోతుంది.

ఏటా చివర్లో కోటి అద్దె, వడ్డీ రేటు 10 శాతం అనుకోండి. మొదటి ఏడాది కోటి ఈ రోజు లెక్కలో సుమారు 91 లక్షలు, ఎందుకంటే ఈ రోజు 91 లక్షలు ఆ వడ్డీకి వేస్తే ఏడాదికి కోటి అవుతుంది. 34వ ఏడాది కోటి 3.9 లక్షలు. 99వ ఏడాది కోటి? దాదాపు 800 రూపాయలు! అన్నీ కూడితే 33 ఏళ్లకు 9.57 కోట్లు, 99 ఏళ్లకు 10 కోట్లు. చివరి 66 ఏళ్ల విలువంతా కలిపి 43 లక్షలే.

అద్దె ఏటా 5 శాతం పెరిగితే తేడా పెరుగుతుంది: 33 ఏళ్లకు 15.7 కోట్లు, 99 ఏళ్లకు 19.8 కోట్లు. అప్పుడు కూడా 33 ఏళ్లకు దాదాపు 79 శాతం వస్తుంది, మూడో వంతు కాదు.

33 ఏళ్లకే కట్టిన భవనాన్ని వదులుకోవాలంటే బిల్డర్ వెనకాడతాడు, బ్యాంకు కూడా లోను ఇవ్వడానికి ఆలోచిస్తుంది. అందువల్ల ధర ఎంత తగ్గుతుందో విడిగా, కారణం రాసి చూపించండి. ఏళ్ల భాగహారంలో కలిపేయకండి.

22-ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా), సర్వే హద్దులు మీరు ఎలాగూ చూసే ఉంటారు.

అభ్యాసం: 60 ఏళ్ల లీజు, మొదటి రెండేళ్లు అద్దె లేదు, ఆ తర్వాత ఏటా కోటి, మూడేళ్లకోసారి 15 శాతం పెంపు. 8, 10, 12 శాతాల వడ్డీ రేట్ల దగ్గర విలువ కట్టండి. మొదటి పదేళ్లు కాగితం మీద చేత్తో వేశాకే ఎక్సెల్ తెరవండి.