గర్భసంచి తీశాక కటి కండరాలు: 3వ పాఠం

పోయిన పాఠంలో కటి అడుగు కండరాలు, అంటే పొత్తికడుపు అడుగున మూత్రసంచి లాంటివాటిని కింది నుంచి పట్టి ఉంచే కండరాలు, ఎక్కడుంటాయో, ఏమేం మోస్తాయో చూశాం. ఈసారి వాటిని బిగించడం నేర్చుకుందాం. దానికి ముందు మీ డిశ్చార్జి కాగితం బయటికి తీయండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది 8 శాతం దాటింది. ఇంతమందికి ఆపరేషన్ జరిగినా, ఏ రకం చేశారో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కాగితంలో టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి, టీఎల్‌హెచ్ అని ఉంటే ల్యాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి) గర్భసంచిని ముఖద్వారంతో సహా తీశారు. సబ్‌టోటల్ అంటే ముఖద్వారం ఉంచారు. అది ఉంచితే మూత్రం సమస్యలు రావని కొందరంటారు గానీ, రెండు రకాలనూ పోల్చిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వీహెచ్ అంటే యోని ద్వారా తీశారు. గర్భసంచి జారినవాళ్లకు ఎక్కువగా ఇదే చేస్తారు. వాళ్లకు లోపలి ఆధారం ముందే వదులై ఉంటుంది కాబట్టి తర్వాత యోని పైభాగం కిందికి దిగే అవకాశం ఎక్కువ. పక్కన బీఎస్‌ఓ అని ఉంటే అండాశయాలు కూడా తీసేశారు. అప్పుడు వచ్చే పొడిదనం, మంట వ్యాయామంతో తగ్గవు, వాటికి మందు గురించి డాక్టర్‌ని అడగాలి.

రాడికల్ అని ఉంటే మాత్రం ఆగండి. ముఖద్వారం క్యాన్సర్‌కు చేసే ఈ ఆపరేషన్‌లో మూత్రసంచికి వెళ్లే నరాలు దెబ్బతినొచ్చు. సంచి నిండినా తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. మీరు గడియారం చూసుకుని టాయిలెట్‌కు వెళ్లాలి. లోపల ఎంత మూత్రం మిగులుతోందో డాక్టర్ చూశాకే ఈ పాఠం మొదలుపెట్టండి.

మిగతావాళ్లు మూత్రం ట్యూబు తీసేసి, డాక్టర్ సరే అన్నాక చేయొచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటున్నట్టు మలద్వారాన్ని బిగించండి. ఆ బిగువును అలాగే ఉంచి, మూత్రం ఆపుకుంటున్నట్టు ముందువైపు కూడా లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు కదలకూడదు. ఊపిరి ఆగకూడదు. మూడు అంకెలు లెక్కపెట్టి, పూర్తిగా వదిలేయండి. వదలడానికీ అంతే సమయం ఇవ్వండి. తొందరపడి సగం వదిలి మళ్లీ బిగిస్తే కండరం అలిసిపోయి నొప్పి పుడుతుంది.

సరిగ్గా చేస్తున్నారో లేదో చిన్న అద్దం పెట్టి చూసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. యోనికి, మలద్వారానికి మధ్య భాగం లోపలికి వెళ్లాలి. బయటికి ఉబ్బితే మీరు ముక్కుతున్నారన్నమాట. జారుడు ఉన్నవాళ్లకు అది మరీ చేటు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకండి.

ఒక్కోసారి 8 చొప్పున, రోజుకు మూడుసార్లు. ఫలితం తేలాలంటే కనీసం 3 నెలలు పడుతుంది. రాత్రీ పగలూ ఆగకుండా నీళ్లలా మూత్రం కారుతుంటే అది కండరం సమస్య కాకపోవచ్చు, లోపల రంధ్రం పడి ఉండొచ్చు. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ వారం పడుకునే చేయండి. దగ్గు వచ్చేముందు, బిందె ఎత్తేముందు బిగించడం 4వ పాఠంలో.