పాత బుల్లెట్ చప్పుళ్ళు – 3వ పాఠం: ఇంజన్ నుంచి వెనక చక్రం దాకా

కిందటి రెండు పాఠాల్లో ట్యాపెట్ల చప్పుడు, పిస్టన్ చప్పుడు ఎలా గుర్తుపట్టాలో చూశాం. అవి కావని తేల్చుకున్న వాళ్ళే ఈ పాఠంలోకి రండి. మన బండి అదే: యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్ బాక్స్ ఒకే కేసులో ఉండేది) రాకముందు నాటి కాస్ట్ ఐరన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. కుడికాలి కింద నాలుగు గేర్లు, ఎడమకాలి కింద బ్రేక్.

ఇంజన్ బలం చక్రానికి చేరే దారి ముందు మనసులో పెట్టుకోండి. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఎడమ చివరన 25 పళ్ళ స్ప్రాకెట్, అంటే చైన్ పట్టే పళ్ళ చక్రం ఉంటుంది. దాని నుంచి జంట వరసల ప్రైమరీ చైన్ 56 పళ్ళ క్లచ్ డ్రమ్ముకి వెళ్తుంది. అక్కణ్ణుంచి గేర్ బాక్స్, ఆ తర్వాత బయటి చైన్, చివరికి వెనక బ్రేక్ డ్రమ్. ఈ బండిలో వెనక స్ప్రాకెట్ పళ్ళు డ్రమ్ముతో కలిసే ఉంటాయి. డ్రమ్ముకీ చక్రం హబ్‌కీ మధ్య రబ్బరు ముక్కలు ఉంటాయి. మెకానిక్కులు వాటినే డ్రమ్ రబ్బర్లంటారు.

బండి చప్పుడు చేస్తోందనగానే చాలా చోట్ల మొదట చెప్పే మాట “చైన్ సెట్ మార్చేద్దాం” అని. ఈ బండికి సెట్ అంటే డ్రమ్ కూడా మార్చడమే, ఖర్చు తక్కువేం కాదు. మార్చాక కూడా చప్పుడు అలాగే ఉంటే? అందుకే ఏ పార్టు పోయిందన్న ప్రశ్న చివరికి వదిలేయండి. చప్పుడు దేనితో పాటు పెరుగుతోంది, దేనితో పాటు తగ్గుతోంది అన్నది ముందు పట్టుకోండి. ఇంజన్ వేగంతోనా, చక్రం వేగంతోనా, లాగుడు పడినప్పుడేనా? ఈ ఒక్క సంగతి తేలితే సగానికి పైగా దారి మూసుకుపోతుంది, వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది.

బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కనివ్వండి. క్లచ్ పట్టుకోకుండా వినండి, తర్వాత పూర్తిగా పట్టుకుని వినండి. పట్టగానే చప్పుడు ఆగిపోయిందంటే అనుమానం గేర్ బాక్స్ మెయిన్ షాఫ్ట్, దాని బేరింగుల మీదికి పోవాలి. క్లచ్ పట్టినప్పుడు ఆ షాఫ్ట్ తిరగడం ఆగిపోతుంది కాబట్టి చప్పుడూ ఆగుతుంది. పట్టినప్పుడే గరగర మొదలైతే క్లచ్ డ్రమ్ బేరింగునో, క్లచ్‌ని నెట్టే రాడ్డునో చూడాలి. అప్పుడు డ్రమ్ తిరుగుతూనే ఉంటుంది, లోపలి భాగం నిలిచిపోతుంది, రెండింటి మధ్య ఉన్న బేరింగ్ మీద పని పడుతుంది.

క్లచ్ పట్టినా వదిలినా ఎడమ కేసు నుంచి టకటక వస్తూ, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వగానే అది సర్దుకుంటే ప్రైమరీ చైన్ లూజై ఉండొచ్చు. సింగిల్ సిలిండర్ కదా, ఐడిల్‌లో ప్రతి పేలుడుకీ చైన్‌ని ఒక్క గుంజు గుంజి వదులుతుంది. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీసి పక్కన పెట్టండి. ఎడమ కేసు మీది చిన్న మూత విప్పి చైన్‌ని పైకీ కిందికీ కదిపి చూడండి. కిక్ కొంచెం కొంచెం తొక్కుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చైన్ అంతటా ఒకేలా అరగదు. అన్నింటికంటే బిగువుగా ఉన్న చోట సుమారు 6 మిల్లీమీటర్ల ఆట ఉంటే చాలు. లూజుగా ఉన్న చోట చూసి బిగించారంటే బిగువు చోటికి వచ్చేసరికి బేరింగుల మీద లేనిపోని బరువు పడుతుంది.

ఇక రోడ్డు మీద. ట్రాఫిక్ లేని చదునైన రోడ్డు చూసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మొదట మూడో గేర్‌లో, తర్వాత అదే వేగంలో నాలుగో గేర్‌లో నడపండి. చక్రం వేగం మారలేదు, ఇంజన్ వేగం తగ్గింది. చప్పుడు జోరు అలాగే ఉంటే అది బయటి చైన్‌దో చక్రానిదో. జోరు తగ్గితే ఇంజన్ వైపుది. మూడు గేర్లలోనూ ఊళ వేసి, నాలుగో గేర్‌లో పడగానే మాయమైతే గేర్ బాక్స్‌లోని లే షాఫ్ట్‌ని (మెయిన్ షాఫ్ట్‌కి జంటగా తిరిగే రెండో షాఫ్ట్‌ని) అనుమానించండి. ఈ బాక్స్‌లో నాలుగో గేర్ నేరు గేర్, అంటే బలం లే షాఫ్ట్ మీదుగా కాకుండా నేరుగా పోతుంది. అప్పుడు లే షాఫ్ట్ ఊరికే తిరుగుతుంది తప్ప బరువు మొయ్యదు. ఇంత ఖరీదైన సంగతి ఒక్క పానా కూడా పట్టకుండా తెలుస్తోంది చూడండి!

చప్పుడు చక్రం వేగంతో పోతోందని తేలితే ఒక సుద్దముక్క తెచ్చుకోండి. ఈ పరీక్షకి కాస్త తీరిక కావాలి, కానీ దీని అంత నమ్మకమైన పరీక్ష నాకు ఇంకోటి తెలీదు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, డబుల్ స్టాండ్ మీద చెయ్యాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్ దగ్గరికి గుడ్డ గానీ చెయ్యి గానీ పోనివ్వొద్దు. చైన్ తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు ఉన్నారు.

టైరు పక్కన ఒక గీత, చైన్ లాక్ (చైన్ రెండు కొసలనీ కలిపే లింకు) మీద ఒక గీత పెట్టండి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడ ‘కట్’మంటుందో, ఎక్కడ బరువుగా తిరుగుతుందో చూడండి. అలా అయిన ప్రతిసారీ టైరు గీత ఒకే చోట ఉంటే తప్పు చక్రంలోనే ఉంది: డ్రమ్ పళ్ళు, బేరింగ్, లేదా లోపల రాసుకుంటున్న బ్రేక్ షూ. టైరు గీత ఎక్కడెక్కడో ఉండి, చైన్ లాక్ మాత్రం ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంటే తప్పు చైన్‌ది. లెక్క కూడా సరిపోవాలి. డ్రమ్ముకి 38 పళ్ళు, చైన్‌కి 90 లింకులు అనుకుంటే చైన్ ఒక చుట్టు పూర్తి కావడానికి చక్రం రెండుంపావు చుట్ల కంటే కొంచెం ఎక్కువ తిరగాలి. మీ బండివి మీరే లెక్కపెట్టుకోండి, భాగించి చూసుకోండి. చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ వచ్చే చప్పుడుకి చైన్‌ని తప్పు పట్టడం కుదరదు.

తప్పు చైన్‌దని తేలితే అరుగుదల కొలవండి. పాత 350 చైన్ లింకు పొడవు 15.875 మిల్లీమీటర్లు. చైన్‌ని బిగువుగా లాగి 20 లింకులు కొలిస్తే కొత్తదానికి 317.5 రావాలి. 324 దాకా వచ్చిందంటే రెండు శాతం సాగింది, ఇక మార్చేయాలి. టేపు లేకపోతే డ్రమ్ వెనక అంచున చైన్‌ని పట్టి వెనక్కి గుంజండి. సగం పన్ను కంటే ఎక్కువ కనబడితే అదే తీర్పు. ఒకటి రెండు లింకులు బిగుసుకుపోయి ఉంటే మాత్రం ముందు శుభ్రంగా కడిగి, ఆయిల్ పట్టించి, మళ్ళీ చూడండి. చైన్ లూజు 25 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దీన్నీ బిగువు చోటే కొలవాలి.

గేర్ వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు ఒక్కసారి ‘ఠక్’మని వచ్చేది వేరే జాతి. దీనికి ఈ బండిలో చక్కటి పరీక్ష ఉంది. ఎవరినైనా వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమనండి. మీరు చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపండి. బ్రేక్ పట్టుకుంది డ్రమ్‌ని, మీరు ఊపుతోంది హబ్‌ని. కాబట్టి ఆ కదలికంతా రబ్బర్లదే, చైన్ లూజుకీ గేర్లకీ ఇందులో ప్రమేయం లేదు. రబ్బరు నొక్కుకుని తిరిగి వచ్చే కొద్దిపాటి ఆట మామూలే. ఇనుముకి ఇనుము తగిలినట్టు కొట్టుకుంటే రబ్బర్లు అరిగి పొడైపోయాయని అర్థం. వాటి ఖరీదు తక్కువే, వాటిని పట్టించుకోకపోతే చైన్, గేర్లు రెండూ దెబ్బ తింటాయి.

వచ్చే పాఠంలోపు ఈ పరీక్షలన్నీ చేసి, ఏది దేనితో పాటు మారిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఎడమ ఫుట్ రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి, మధ్య నట్ ఒక్కటీ విప్పి ప్రైమరీ కేసు తెరుద్దాం. ఆయిల్ పట్టడానికి ఒక వెడల్పాటి పళ్ళెం, కొత్త రబ్బరు సీలు సిద్ధంగా ఉంచుకోండి.